పద్నాలుగో మంచం దగ్గర

శుక్రవారం, ఉదయం 6:10

నిన్న సాయంత్రం 5:20కి వడ్రంగి చనిపోయారు. ఆ సమయంలో నేను అదే ఆసుపత్రిలో, అదే అంతస్తులో, పద్నాలుగో మంచం దగ్గర కూర్చుని ప్రార్థన చేస్తున్నాను. ఆయన ఉన్నది తొమ్మిదో మంచం మీద.

రెండింటికీ మధ్య ఒక వరండా. రెండు గదుల తలుపులూ తెరిచే ఉన్నాయి.

ఇది నేను ఆసుపత్రికి పట్టుకెళ్ళే నోటుపుస్తకం. ముందు వైపు నుంచి అంతస్తు, మంచం నంబరు, కూర్చున్న నిమిషాలు రాసుకుంటాను. పేర్లు రాయను. వెనక వైపు నుంచి రాయడం ఇవాళే మొదలు.

జరిగింది జరిగినట్టు:

3:50కి ఆయన భార్య ఫోన్ చేసింది. ఆమె బట్టలు కుడుతుంది. సంఘంలో అందరూ టైలరమ్మ అంటారు. "అయ్యగారూ, ఒంటి మీద నీళ్ళు పోసుకుని రెండు రోజులైంది. ఇంటికెళ్ళి గంటన్నరలో వచ్చేస్తాను. ఆయన్ని ఒక్కణ్ణీ వదిలి వెళ్ళాలంటే కాళ్ళు రావట్లేదు. మీరొచ్చి కూర్చుంటారా?" అంది. వస్తానన్నాను.

4:35కి రెండో అంతస్తుకు చేరాను. పుస్తకంలో పద్నాలుగు అని ఉంది. పద్నాలుగో మంచం దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మంచం మీది మనిషికి ఆక్సిజన్ మాస్కు, గడ్డం దాకా దుప్పటి. దుప్పటి బయట ఉన్న చేతిని పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. పెద్దగానే ప్రార్థించాను. వడ్రంగిగారికి రంపం మిషన్ వల్ల చెవుడు వచ్చింది, మెల్లగా చెబితే వినపడదు.

5:25కి నర్సు వచ్చి, "ఇక్కడ అయిపోయిందాండీ? అటు తొమ్మిదో నంబరు దగ్గరికి వస్తారా? ఆయన ఇప్పుడే పోయారు," అంది.

వెళ్ళాను. మధ్యాహ్నం ఆయన మంచం మార్చారట. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు.

5:50కి టైలరమ్మ తడి జుట్టుతో వచ్చింది. అప్పటికి నేను తొమ్మిదో మంచం పక్కన కూర్చుని ఉన్నాను. "మీరు పక్కనే ఉన్నారు కదా అయ్యగారూ?" అంది. తల ఊపాను. "అంతే చాలు," అంది. నా చేతులు తీసుకుని కళ్ళకద్దుకుంది.

నేను అబద్ధం చెప్పలేదు. తల ఊపాను.

ఇవాళ 8:05కి సెలవు ప్రయాణానికి రైలు. బట్టలు మొన్ననే సర్దేశారు. నగరంలో రెండు రాత్రులు, ఆదివారం సాయంత్రం తిరుగు రైలు. రెండు నెలల కిందట ఆరాధన మధ్యలో నాలుగు నిమిషాలు మాట రాక నిలబడిపోయాను. అప్పటి నుంచి మా ఆవిడ నోట 'విశ్రాంతి' తప్ప వేరే మాట లేదు. ఆదివారం ఆరాధనకు రిటైరైన పాస్టరుగారిని ఒప్పించింది. ఇరవై ఏడేళ్ళలో నాకు ఆదివారం సెలవు ఇదే మొదటిసారి.

వడ్రంగిగారి కూతురు సరుకు ఓడలో ఇంజనీరు. ఓడ రేవుకు వచ్చేసరికి ఆదివారం అవుతుంది. అందుకని అంత్యక్రియలు సోమవారం పెట్టారు. "అయితే మనం వెళ్ళొచ్చు కదా?" అని మా ఆవిడ రాత్రి అడిగింది. ప్రయాణం రద్దు చెయ్యాలంటే కారణం చెప్పాలి. కారణం ఉంది. చెప్పలేదు.


శుక్రవారం, ఉదయం 10:20, రైల్లో

మొత్తం అయిదుగురం. నేను, మా ఆవిడ, మా అమ్మాయి, డ్రిల్లు మాస్టారు, ఆయన భార్య. మాస్టారూ నేనూ ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ. రిటైరై మూడేళ్ళయినా మెడలో విజిల్ తీయలేదు.

రైలు కదలగానే లేచి నిలబడి రూల్సు చదివాడు.

"వినండి. ఈ మూడు రోజులూ చర్చి, సంఘం, ప్రార్థన, ప్రసంగం, కమిటీ, ఈ మాటలెత్తినవాళ్ళకి విజిల్. విజిల్ పడినవాళ్ళు ఆ పూటంతా అందరి సంచులూ మొయ్యాలి."

"దేవుడనొచ్చా మామయ్యా?" అంది మా అమ్మాయి.

"'అయ్యో దేవుడా' అనొచ్చు. అంతకు మించి వద్దు."

"మరి ఆయన్ని ఏమని పిలవాలి? అందరం అయ్యగారనే కదా అంటాం," అంది మాస్టారి భార్య.

"అన్నయ్యా అను. నీకు చుట్టమే కదా. ఏరా, నీకేమైనా అభ్యంతరమా?"

లేదన్నాను. నా ఫోన్ మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులోకి వెళ్ళిపోయింది. అదీ రూలేనట. ఇస్తున్నప్పుడు ఒక క్షణం ఆగాను. "ఇవ్వండి, కొరుక్కు తినను," అంది.

ఇచ్చాను.

కిటికీలో పొలాలు, గోడౌన్లు, ఆగివున్న లారీలు. అందరూ నవ్వినప్పుడు నేనూ నవ్వాను. ఎప్పుడు నవ్వాలో బాగానే తెలుస్తోంది.


శుక్రవారం, సాయంత్రం 6:30

హోటల్లో ఏడో అంతస్తు. కిటికీ అద్దం తెరుచుకోదు. లిఫ్టులో ఒక ఆడగొంతు ప్రతి అంతస్తు పేరూ చెబుతుంది. మాస్టారు ప్రతిసారీ దానికి "థాంక్సమ్మా" అంటాడు.

మధ్యాహ్నం నది మీద పడవ. గంటా పది నిమిషాలు. వంతెనలు ఆరు. మా అమ్మాయి ఫొటోలు తీసింది. గదికొచ్చాక మంచం మీద బోర్లా పడుకుని చూస్తూ, "నాన్నా, పదకొండు ఫొటోల్లో తొమ్మిదింట్లో కళ్ళు మూసుకున్నావు," అంది.

"ఎండ."

"ఎండ కాదు. ఇదిగో, ఇది నీడలో తీసింది. ఇందులోనూ మూసుకున్నావు."

"అలవాటై ఉంటుందే," అంది మా ఆవిడ. "ఇరవై ఏడేళ్ళ ప్రార్థన."

విజిల్ వేయడానికి మాస్టారు అక్కడ లేడు.

అలవాటు అన్నది నిజమే. ముఖాలు చూడటం ఎప్పుడు మానేశానో కచ్చితంగా చెప్పలేను. ఆసుపత్రిలో ఒక ముఖాన్ని చూస్తే అది వారం రోజులు వెంట వచ్చేది. నంబరు చూసుకుని వెళ్ళి, చెయ్యి పట్టుకుని, కళ్ళు మూసుకుంటే రాదు. పని జరుగుతుంది. రోజుకు నలుగురిని చూడగలిగేవాణ్ణి ఎనిమిది మందిని చూడటం మొదలుపెట్టాను. కళ్ళు మూసుకున్నవాడిని చూసి అందరూ భక్తి అనుకుంటారు. కమిటీ వాళ్ళు రిపోర్టులో మెచ్చుకుంటూ రాశారు కూడా.

మానేసి మూడేళ్ళయిందేమో అనుకునేవాణ్ణి. ఈ పుస్తకం ముందు పేజీలు తిప్పితే, పేర్లు రాయడం ఆపి అయిదేళ్ళయింది.

మంచం మార్చిన సంగతి నాకెవరూ చెప్పలేదు. ఆసుపత్రి వాళ్ళు చెప్పాలి.


శనివారం, ఉదయం 7:00

నిద్ర పట్టింది. మధ్యలో ఒక్కసారి కూడా మెలకువ రాలేదు. ఇది కూడా రాసి పెట్టుకోవాలి.


శనివారం, మధ్యాహ్నం 12:45

మ్యూజియం. మూడో హాల్లో పాత సామాను: కుర్చీలు, బల్లలు, ఒక ఉయ్యాల, రెండు పెట్టెలు. చుట్టూ తాడు కట్టి 'ముట్టుకోరాదు' అని బోర్డు పెట్టారు.

నేను తాడు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఒక కుర్చీ అడుగు భాగం చూస్తున్నాను. అలా చూడాలని వడ్రంగిగారు చెప్పారు. మా చర్చి బెంచీలు, ప్రసంగ వేదిక ఆయన చేసినవే. వేదిక ఎత్తు నాకు సరిపోవాలని నన్ను చెప్పుల్లేకుండా ఒకసారి, చెప్పులతో ఒకసారి నిలబెట్టి కొలిచారు. ఏ సామానైనా బోర్లించి చూడనిదే కొనకూడదనేవారు. పనివాడు విసుక్కుంటూ చేశాడో ఇష్టంగా చేశాడో అడుగునే తెలుస్తుందట.

ఆ కుర్చీ అడుగున మేకులు లేవు. చెక్కలో చెక్క దిగి ఉంది.

"పెద్దాయనా, లేవండి. అక్కడ కూర్చోకూడదు," అన్నాడు గార్డు.

"ముట్టుకోలేదండి."

"ముట్టుకోలేదు నిజమే. కానీ మిమ్మల్ని చూసి అందరూ కూర్చుంటున్నారు."

వెనక్కి చూస్తే నిజంగానే ముగ్గురు కూర్చుని తలలు వంచి చూస్తున్నారు. వాళ్ళలో మాస్టారు ఒకడు. "ఏరా, అక్కడేముంది? చెప్పు, నాకేం కనపడట్లేదు," అన్నాడు. మా అమ్మాయి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని అవతలి హాల్లోకి వెళ్ళిపోయింది.

లేచేటప్పుడు మాస్టారు చెయ్యిచ్చాడు. పట్టుకుని లేచాను. లేచాక వదలకుండా అతని చేతివేళ్ళు చూశాను.

వడ్రంగిగారి కుడి చూపుడువేలు సగమే ఉంటుంది. నేను మా సంఘానికి రాకముందే రంపం కింద పోయింది. ప్రతి ఆదివారం చర్చి గుమ్మంలో కలిపే చెయ్యి అది. ఇరవై రెండేళ్ళు కలిపాను.

గురువారం నేను పట్టుకున్నది కుడి చెయ్యి. యాభై నిమిషాలు పట్టుకున్నాను. అయిదు వేళ్ళూ పూర్తిగా ఉన్నాయి.


శనివారం, మధ్యాహ్నం 3:00

భోజనం బల్ల దగ్గర ఉండగా మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులో నా ఫోన్ మోగింది. తీసి చూసి, ఎత్తకుండా, నాకిచ్చింది.

టైలరమ్మ.

"అయ్యగారూ, సెలవులో ఉన్నారు, ఇబ్బంది పెడుతున్నానేమో."

"లేదమ్మా, చెప్పండి."

"ఏం లేదండీ. అమ్మాయి ఓడలోంచి ఫోన్ చేసింది. నాన్న చివరికి ఏమన్నాడమ్మా అని ఒకటే అడుగుతోంది. నేనక్కడ లేను కదా. మీరే కదా ఉన్నది. ఏదో ఒకటి అనే ఉంటారు. ఆ మనిషి నోరు మూసుకుని ఉండే రకం కాదు, మీకు తెలుసుగా."

"తెలుసమ్మా."

"ఇప్పుడు ఫోన్లో చెప్పకండి. నేను ఒక్కదాన్నీ వినలేను. సోమవారం అందరి ముందూ మీ నోటితో చెప్పండి. పిల్ల కూడా వింటుంది."

"అలాగేనమ్మా."

"మీరు లేకపోతే నేనేమైపోయేదాన్నో అయ్యగారూ. స్నానానికని వెళ్ళానే, ఒక్కడే పోయాడే అని జన్మంతా కుమిలేదాన్ని."

ఫోన్ తిరిగి మా ఆవిడకిచ్చాను. మాస్టారు విజిల్ నోట్లో పెట్టుకుని, నా ముఖం చూసి, తీసేశాడు.

'అలాగేనమ్మా' అన్నాను. అంటే చెబుతాననే అర్థం. ఏం చెబుతానని కాదు.


శనివారం, సాయంత్రం 4:10

గదిలో ఒక్కణ్ణే. వాళ్ళు కింద బట్టల కొట్లకి వెళ్ళారు.

"అమ్మాయిని జాగ్రత్తగా చూసుకోమని చెప్పండి." రాసి కొట్టేశాను. ఆ అమ్మాయి ఓడ ఇంజన్లు విప్పి బిగిస్తుంది. ఆమెను ఎవరో చూసుకోవాలని ఆయన అనుకోరు.

"నాకు భయం లేదు అయ్యగారూ." ఇదీ కొట్టేశాను. ఇది చాలామంది చేత అనిపించాను.

"దాన్ని కుట్టుమిషన్ కిటికీ దగ్గరికి జరుపుకోమనండి. వెలుతురు చాలట్లేదు."

దీన్ని కొట్టెయ్యలేదు. నాలుగు సార్లు చదివాను. అచ్చం ఆయన అన్నట్టే ఉంది. టైలరమ్మ ఏడుస్తూ నవ్వుతుంది. సోమవారం మధ్యాహ్నానికల్లా మిషన్ కిటికీ దగ్గరికి జరుపుతుంది. ఇక బతికినంతకాలం అక్కడే కూర్చుని కుడుతుంది.

ఇది రాయడానికి ఆరు నిమిషాలు పట్టింది. చెయ్యి వణకలేదు.


శనివారం, సాయంత్రం 6:40

మాస్టారు నన్ను సెలూనుకి లాక్కెళ్ళాడు. "పట్నం క్షవరం ఎలా ఉంటుందో చూద్దాం పద." పక్కపక్క కుర్చీలు. ఎదురుగా గోడంతా అద్దం. సెలూనాయన నా గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి ముఖాన్ని వెలుతురుకేసి తిప్పాడు.

"కళ్ళు తెరవండి సార్. కళ్ళు మూసుకుంటే కనుబొమలు సరిగ్గా తెలియవు."

తెరిచాను. అద్దంలో నేను. పక్కన నురగ ముఖంతో మాస్టారు.

"సారుగారు ఏం చేస్తుంటారు?" అన్నాడు సెలూనాయన.

"చెప్పకూడదు. చెబితే విజిల్," అన్నాడు మాస్టారు.

"పోలీసాండీ?"

"అంతకంటే పెద్ద డిపార్ట్‌మెంటు."

నేను అద్దంలోని మాస్టారితో చెప్పాను. గురువారం 3:50 నుంచి మొదలుపెట్టి వరసగా చెప్పాను. వేలి సంగతి కూడా. ముఖం తిప్పి చెప్పలేదు. గడ్డం మీద కత్తి ఉంది. సెలూనాయన మధ్యలో రెండుసార్లు కత్తి ఆపాడు. మాస్టారు విజిల్ జోలికి పోలేదు.

"ఎవరికి తెలుసు?" అన్నాడు మాస్టారు.

"నీకు. ఆ నర్సుకి కొంత."

"అయితే చెప్పకురా. ఎందుకు చెప్పాలి? ఆయన తిరిగొస్తాడా? ఆవిడకి ఇప్పుడు ఏదో కొంచెం పట్టు దొరికింది. నీ మనసు తేలికపడటానికి దాన్ని లాగేస్తావా?"

"నా మనసు బరువుగా ఏం లేదు."

"అదేంటి?"

"ఏమీ లేదు. అదే చెబుతున్నా."

మాస్టారు అద్దంలోంచి కాకుండా నేరుగా నావైపు తిరిగాడు. కత్తి తగిలి చెవి కింద చిన్న గాటు పడింది. "అయ్యయ్యో, కదలకండి సార్," అన్నాడు అతనికి గడ్డం గీస్తున్న కుర్రాడు. పటిక రాశాడు.

బయటికొచ్చాక, "ఏరా, నిజంగా ఏమీ లేదా?" అని మళ్ళీ అడిగాడు. లేదన్నాను. హోటల్ దాకా నా భుజం మీద చెయ్యి వేసుకుని నడిచాడు. మేం అలా నడిచి నలభై ఏళ్ళయి ఉంటుంది.

అతను చెప్పింది సబబుగానే ఉంది. కిటికీ మాట ఉంది. సోమవారం ఒక పది నిమిషాల పని.


ఆదివారం, ఉదయం 8:15

అందరూ కింద టిఫిన్‌కి వెళ్ళారు. నేను చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాను. మా ఆవిడ వెళ్ళలేదు. మంచం మీద కూర్చుని హ్యాండ్‌బ్యాగులోంచి నా ఫోన్ తీసి దుప్పటి మీద పెట్టింది.

"గురువారం రెండుంబావుకి టైలరమ్మ మీకు మెసేజ్ పెట్టింది," అంది.

నేను ఇంకో గుండీ పెట్టుకున్నాను.

"'మంచం తొమ్మిదికి మార్చారు అయ్యగారూ' అని. మీరు బొటనవేలు బొమ్మ పంపారు."

"ఎప్పుడు చూశావు?"

"శుక్రవారం. రైల్లో. దాని కిందే ఆవిడ మళ్ళీ రాసింది, పద్నాలుగు దగ్గర మీ గొడుగు మర్చిపోయారట, నర్సు దాచిందట అని. తొమ్మిది దగ్గర కూర్చున్న మనిషి గొడుగు పద్నాలుగు దగ్గర ఎందుకుంటుంది?"

"ఆవిడకి అనుమానం రాలేదా?"

"మిమ్మల్ని అనుమానించడం ఆవిడకి చేతకాదు. నాకు వచ్చు."

రెండు రోజులుగా తెలుసన్నమాట. పడవలో తెలుసు, మ్యూజియంలో తెలుసు. ఫొటోల్లో నా పక్కన నిలబడి నవ్వుతోంది.

"ఎందుకడగలేదు?"

"మీరు చెబుతారని. ప్రతి పూటా ఇప్పుడు చెబుతారు, ఇప్పుడు చెబుతారు అని చూశాను. నిన్న మాస్టారన్నయ్యకి చెప్పారట కదా. వాళ్ళావిడ ఏడుస్తూ నాకు చెప్పింది. సంతోషం. నాకు కూడా చెప్పండి."

చెప్పాను. రెండోసారి కాబట్టి తొందరగానే అయిపోయింది. కిటికీ మాట చదివి వినిపించాను. విని, "బాగుంది," అంది. తర్వాత, "ఎంత బాగుందో చూస్తే భయమేస్తోంది," అంది.

ఆ తర్వాత నేను ఊహించనిది అడిగింది. "ఆయన నిజంగా ఏమన్నారో కనుక్కున్నారా?"

"ఎవరిని?"

"నర్సుని. ఆయన పక్కన మీరు లేరు. ఎవరో ఒకరు ఆ గదిలోకి వచ్చే ఉంటారు కదండీ. కనీసం అడిగారా?"

అడగలేదు. మూడు రోజుల్లో ఆ ఆలోచనే రాలేదు. ఆయనేమని ఉంటారో ఊహించాను తప్ప, ఏమన్నారో అడగాలని తోచలేదు.

మొదటి రోజు రాసింది సరిచెయ్యాలి. మంచం మార్చిన సంగతి నాకు చెప్పారు. 2:15కి. చూశాను. బొటనవేలు బొమ్మ పంపాను. అది పంపినట్టు గుర్తుంది. చదివినట్టు గుర్తులేదు.


ఆదివారం, మధ్యాహ్నం 12:10

11:20కి హోటల్ కింది హాల్లోంచి ఆసుపత్రికి ఫోన్ చేశాను. రెండో అంతస్తు కావాలన్నాను. గురువారం డ్యూటీలో ఉన్న సిస్టరే దొరికింది. మా ఆవిడ పక్క సోఫాలో కూర్చుంది. ఫోన్ చెవికి దూరంగా, ఆమెకు కూడా వినపడేలా పట్టుకున్నాను.

"గొడుగు గురించాండీ? జాగ్రత్తగా పెట్టాను."

"గొడుగు కాదమ్మా. తొమ్మిదో మంచం ఆయన గురించి. పోయే ముందు ఏమైనా అన్నారా?"

"అన్నారండీ. అయిదుంపావుకి కాబోలు, నేను సెలైన్ మార్చడానికి వెళ్ళాను. తలుపు కేసి చెయ్యి చూపించి, 'అది మా అయ్యగారి గొంతే కదా' అన్నారు. అవునండీ, అటు పద్నాలుగు దగ్గర ప్రార్థన చేస్తున్నారు, పిలవమంటారా అన్నాను."

"ఊ."

"'వద్దమ్మా' అన్నారు. 'అవతల ఎవరికో పాపం నాకంటే ఎక్కువ అవసరమున్నట్టుంది. మధ్యలో పిలవకు. పూర్తి చేసుకుని రానీ. నాకు ఇక్కడికి వినపడుతూనే ఉంది' అన్నారు. ఆయనకి చెవుడని చీటీలో రాసుంది, భలే వినపడిందే అనుకున్నాను. నేను అటు మందుల ట్రే తెచ్చేసరికి అయిపోయింది. అయిదు నిమిషాలు కూడా కాలేదండీ."

"ఆ అయిదు నిమిషాలూ ఎవరున్నారు?"

"ఎవరూ లేరండీ. మీరు ముందు పద్నాలుగుని చూసుకుని ఇటొస్తారని ఇద్దరం అనుకున్నాం," అంది.

"పద్నాలుగో మంచం ఆయన ఎలా ఉన్నారు?"

"ఆయనకేంటి, నిక్షేపంలా ఉన్నారు. అపెండిక్స్ ఆపరేషన్. శుక్రవారమే ఇంటికెళ్ళిపోయారు. మీరొచ్చింది కూడా తెలీదు, అప్పటికింకా మత్తులోనే ఉన్నారు."

థాంక్స్ చెప్పి పెట్టేశాను. 11:27.

హాల్లో ఒక కుటుంబం సూట్‌కేసులు లెక్కపెట్టుకుంటోంది. అవతల లిఫ్టు గొంతు మొదటి అంతస్తు అని చెప్పింది. మా ఆవిడ ముఖం రెండు చేతుల్లో పెట్టుకుంది. నేను ఆమెవైపు చూశాను. వంచిన తల, పాపిట, పాపిట పక్కన తెల్లబడ్డ వెంట్రుకలు. చాలాసేపే చూశాను. నాకు ఏడుపు రాలేదు.

ఆయన మాట అది. ఇంకెవరూ కల్పించలేని మాట. అది టైలరమ్మది, ఆ అమ్మాయిది. దాన్ని వాళ్ళకివ్వాలంటే, ఆ మాట అన్నప్పుడు నేనెక్కడున్నానో కూడా ఇవ్వాలి. సగం ఇవ్వడానికి లేదు.

కిటికీ మాట ఉన్న పేజీ చింపాను. చింపి జేబులో పెట్టుకున్నాను. ఇంకా జేబులోనే ఉంది.


ఆదివారం, సాయంత్రం 5:50, తిరుగు రైల్లో

మాస్టారికి చెప్పాను. విని, కిటికీలోంచి రెండు స్టేషన్ల దాకా బయటికి చూశాడు. "నిన్న నేనన్నది వెనక్కి తీసుకుంటున్నానురా," అన్నాడు. ఆ తర్వాత మెడలోంచి విజిల్ తీసి సంచి జేబులో వేసుకున్నాడు.

"మామయ్యా, రూల్సు అయిపోయాయా?" అంది మా అమ్మాయి.

"అయిపోయాయమ్మా. ఇక ఎవరి సంచి వాళ్ళే మోసుకోవాలి."

టైలరమ్మకి ఫోన్ చేశాను. రేపు ముందు ఇంటికొస్తామని, అందరి ముందూ కాకుండా ముందు ఆమెకే ఒక సంగతి చెప్పాలని అన్నాను. "మంచిదా చెడ్డదా అయ్యగారూ?" అంది. "రెండూ ఉన్నాయమ్మా," అన్నాను. "అయితే టీ పెట్టి ఉంచుతాను," అంది.

తల ఊపడం కూడా అబద్ధమే. ఇది శుక్రవారం నాడే రాయాల్సింది.

రేపు 7:15కి ఆమె కూతురు దిగుతుంది. 8:00కి నేనూ మా ఆవిడా ఆ ఇంటికి వెళ్తాం. దారిలో ఆసుపత్రిలో ఆగం. గొడుగు తర్వాత తెచ్చుకోవచ్చు. రిటైరైన పాస్టరుగారు 9:30 నుంచి చర్చిలో ఉంటానన్నారు. కారణం అడగలేదు. 10:00కి అంత్యక్రియల ఆరాధన. వడ్రంగిగారు కొలిచి చేసిన ఆ వేదిక మీద నిలబడేది నేనా, రిటైరైన పాస్టరుగారా అన్నది 8:00 తర్వాత టైలరమ్మ చెబుతుంది.